గాడిలో సూది, గాలిలో చెయ్యి

రికార్డు గెంతితే సూదిని మోసే ఆర్మ్ కొస మీద పావలా బిళ్ళ పెట్టడం ఒకప్పుడు అందరికీ తెలిసిన చిట్కా. మైక్‌సెట్లు నడిపేవాళ్లయితే బిళ్ళ జారకుండా టేపు కూడా అంటించేవాళ్లు. ఆ బిళ్ళ తూకం రెండున్నర గ్రాములు. సూదిని పట్టుకున్న సిరామిక్ కార్ట్రిడ్జ్ అప్పటికే గాడి మీద ఐదారు గ్రాములు మోపుతుంటే ఇది పైన కొసరు. గెంతడం ఆగేది కాబట్టి చిట్కా బతికింది. నాలుగు పెళ్లిళ్లు తిరిగేసరికి పాట మాత్రం అరిగిపోయేది.

గెంతడానికి కారణం గాడిలో దుమ్మో గీతో కావచ్చు. ఎండకి వంకరపోయిన రికార్డు కావచ్చు. ఆర్మ్ తిరిగే చోట బేరింగు బిగుసుకుపోయి ఉండొచ్చు. ఆర్మ్‌ని లోపలికి లాగే ఒక మొండి బలం కూడా ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను. ఈ నాలుగు జబ్బులకీ ఒకటే బిళ్ళ. వాటిని విడదీసి చూస్తే టోన్‌ఆర్మ్ రూపకల్పన అనే విషయం మొత్తం కళ్లముందుకొస్తుంది. ఈ విషయం మీద నూరేళ్లుగా వాదనలు నడుస్తున్నాయి. కొన్ని తేలాయి, కొన్ని అమ్మకాల కోసమే బతుకుతున్నాయి.

నేను ఈ వాదనలని బిలోలి వైపు నుంచి చూస్తున్నాను. నాందేడ్ జిల్లాలో నిజామాబాదు అంచున ఉన్న ఈ తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో భాగం. తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ వినపడే చోటు. ఇటువైపు పాత పెట్టె తెరిస్తే ఘంటసాల పక్కన మరాఠీ నాట్యగీతం, దాని కింద ఖవ్వాలీ ఉండటంలో వింత లేదు. లక్క 78లు, సినిమా పాటల చిన్న 45లు, పెద్ద ఎల్పీలు అన్నీ కలగలుపు. వేసవిలో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. రేకుల కప్పు కింద అటక మీద పెట్టిన వినైల్ చదునుగా ఉండదు. ఆర్మ్‌ల మీద వచ్చిన సాహిత్యంలో ఎక్కువ భాగం ఇంగ్లండులో, జపానులో చల్లని గదుల్లో, చదునైన పన్నెండంగుళాల ఎల్పీలు విన్నవాళ్లు రాసింది. వాళ్ల లెక్కలు తప్పు కావు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస మాత్రం మన పెట్టెకి పూర్తిగా మారిపోతుంది. నేను చెప్పదలుచుకున్నది ప్రధానంగా ఆ వరస గురించే.

ముందు ఆర్మ్ చేసే పని చూద్దాం. కార్ట్రిడ్జ్ కొలిచేది సూది కదలికని కాదు, తన ఒంటికీ సూదికీ మధ్య తేడాని. గాడిలో చిన్న స్వరాల వంపు ఒక మైక్రాన్‌కి కూడా లోపే ఉంటుంది. సూదితో పాటు కార్ట్రిడ్జ్ ఒళ్లు కూడా కాస్త ఊగితే ఆ ఊగినంతా పాటలోంచి పోతుంది, లేదా పాటకి లేనిది కలుస్తుంది. అంటే కార్ట్రిడ్జ్‌ని పట్టుకున్న ఆర్మ్ రాయిలా కదలకుండా ఉండాలి. కానీ అదే ఆర్మ్ ఎల్పీ మీద 146 మి.మీ. దూరం నుంచి 60 మి.మీ. దాకా లోపలికి నడవాలి. వంకర రికార్డు లేస్తే లేవాలి, దిగితే దిగాలి. నెమ్మది కదలికకి లొంగాలి, వేగం కదలికకి లొంగకూడదు. మంచి ఆర్మ్‌కీ చెడ్డ ఆర్మ్‌కీ తేడా అంతా ఈ రెంటి మధ్య గీత ఎక్కడ పడిందన్న దానిలోనే ఉంది.

చరిత్ర రెండు ముక్కల్లో. తొలి గ్రామఫోన్లలో కొమ్ము బరువంతా సూది మీదే పడేది. 1900ల మొదట్లో అమెరికాలో ఎల్డ్రిడ్జ్ జాన్సన్ కొమ్ముని పెట్టె మీద నిలబెట్టి, శబ్దం సాగే బోలు గొట్టాన్ని మాత్రం కదిలేలా చేశాడు. అయినా సౌండ్‌బాక్స్ నూరు గ్రాముల పైన మోపేది, ఉక్కు ముల్లు పాటపాటకీ మార్చాల్సి వచ్చేది. 1948లో కొలంబియా కంపెనీ సన్నగాడి ఎల్పీ తెచ్చాక ఆ బరువులు కుదరలేదు. 1959లో ఇంగ్లండులో ఎస్ఎంఈ సంస్థ అధిపతి అలస్టేర్ రాబర్ట్‌సన్-ఐక్‌మన్ 3009, 3012 ఆర్మ్‌లని అమ్మకానికి పెట్టాడు. కత్తి అంచు మీద తూగే బేరింగు, ఊడదీసే తల, సన్నని గొట్టం. ఆ తర్వాత వచ్చిన ఆర్మ్‌లలో చాలావరకు దాన్ని అనుసరించో, దానితో తగాదా పడో పుట్టినవే.

ఇక నెమ్మది కదలికకీ వేగం కదలికకీ మధ్య పడే ఆ గీత సంగతి. కార్ట్రిడ్జ్‌లో సూదిపుల్లని రబ్బరు పట్టుకుని ఉంటుంది. రబ్బరు ఒక స్ప్రింగు. ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిసిన బరువు దానికి వేలాడే ముద్ద. స్ప్రింగూ ముద్దా కలిసిన ఏ జోడీకైనా ఒక సొంత ఊపు ఉంటుంది. ఆ ఊపుకి దిగువన ఆర్మ్ సూది వెంట వెళ్తుంది, ఎగువన కదలకుండా నిలబడుతుంది, సరిగ్గా అక్కడ అదుపు తప్పుతుంది. లెక్క చాలా సులువు. బరువుని గ్రాముల్లోను, రబ్బరు మెత్తదనాన్ని కార్ట్రిడ్జ్ కాగితం మీద ఉండే అంకెలోను తీసుకుని హెచ్చించి, వర్గమూలం తీసి, దానితో 159ని భాగిస్తే హెర్ట్జ్‌లో జవాబు వస్తుంది. పాటలు 20 హెర్ట్జ్ దగ్గర మొదలవుతాయి. 33⅓ రికార్డు మీద ఒక వంకర సెకనుకి అరసారి పైచిలుకు ఎదురవుతుంది. ఒక చుట్టులో నాలుగైదు అలలుంటే రెండు మూడు హెర్ట్జ్, అంచు దగ్గర గట్టి మడత ఉంటే ఆరు దాకా. కాబట్టి సొంత ఊపు 8 నుంచి 12 మధ్య పడాలన్నది అందరూ ఒప్పుకున్న మాట.

పది గ్రాముల ఆర్మ్, ఆరున్నర గ్రాముల కార్ట్రిడ్జ్, మెత్తదనం 15 అయితే జవాబు పది హెర్ట్జ్. చక్కగా కుదిరింది. పాతిక గ్రాముల బరువైన ఆర్మ్‌కి, మెత్తదనం 30 ఉన్న నాజూకు కార్ట్రిడ్జ్ కడితే ఐదు. చదునైన రికార్డు మీద ఈ జోడీ కూడా బాగానే పాడుతుంది. మన అటక మీది రికార్డు మీద మాత్రం ప్రతి వంకరకీ ఊగి, స్పీకరు శంకు పాట లేకపోయినా లోపలికీ బయటికీ ఆడుతుంది. యాంప్లిఫయర్ శక్తి ఆ వినపడని ఊగుకే ఖర్చయిపోతుంది. వినపడనిదే కదా అనడానికీ లేదు. బ్రూయెల్ అండ్ కేయర్ సంస్థలో పనిచేసిన పౌల్ లాడెగార్డ్ 1977లో దీని మీద రాశాడు. ఆర్మ్ ఊగితే గాడి మీద సూది వేగం కూడా మారి స్వరం వణుకుతుందని కొలిచి చూపించాడు. గమకమున్న సంగీతంలో ఇది చాలా మోసకారి. వీణ మీద ఆందోళనకి, ఆర్మ్ వణుకుకి తేడా పట్టాలంటే పాట ముందే తెలిసుండాలి.

రెండు చిక్కులున్నాయి. జపాన్ కంపెనీలు మెత్తదనాన్ని 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి అచ్చువేస్తాయి, మన లెక్కకి కావలసింది పది దగ్గర. 1960ల నుంచీ నడుస్తున్న డెనన్ డీఎల్-103 కాగితం మీద 5 అని ఉంటుంది. దాన్ని అలాగే లెక్కలో వేస్తే దానికి ఇనుప కడ్డీలాంటి ఆర్మ్ కావాలని తేలుతుంది. ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేసి వేస్తేనే నిజానికి దగ్గరవుతుంది. రెండో చిక్కు ఎండ. కార్ట్రిడ్జ్ అంకెలన్నీ ఇరవై డిగ్రీల చుట్టూ ఉన్న గదిలో తీసినవి. వేడికి రబ్బరు మెత్తబడి ఊపు కిందికి జారుతుంది. ఏళ్లు గడిచి రబ్బరు ఎండితే పైకి పోతుంది. మే నెల మధ్యాహ్నం విన్నదాన్ని బట్టి ఆర్మ్ మీద తీర్పు చెప్పకూడదు.

ఈ లెక్కలో బరువంటే తక్కెడలో తూచే బరువు కాదు. ఇరుసు నుంచి ఎంత దూరంలో ఉందో ఆ దూరపు వర్గంతో హెచ్చించాలి. సూది దగ్గర ఒక గ్రాము ఒక గ్రామే. సగం దూరంలో అదే గ్రాము పావు గ్రాము. అందుకే వెనక తూకపు దిమ్మ బరువైనదై ఇరుసుకి ఆనుకుని ఉంటే మంచిది, తేలికదై దూరంగా ఉంటే చెడ్డది. అందుకే పావలా బిళ్ళ రెండు పాపాలు చేసేది. గాడి మీద భారం పెంచేది, ఊపుని వంకరల దగ్గరికి లాగేది.

బేరింగుల గురించి కంపెనీలు చెప్పుకునేది చాలా, తేలింది కొంచెం. వదులుంటే సూది కదలికలో కొంత ఆ వదులులో పోతుంది. బిగువుంటే గాడి గోడ మీద ఒత్తిడి పడుతుంది. రెండూ లేకుండా ఉంటే చాలు, అది ఒకే మొన మీద తూగే యూనిపివటా, నాలుగు పక్కలా పట్టుకున్న గింబలా అన్నది తర్వాతి మాట. యూనిపివట్‌లో వదులనేదే ఉండదు, కానీ పక్కలకి ఒరుగుతుంది, సిలికాన్ నూనెతో ఆపాలి. మనకి అంతకంటే ముఖ్యమైనది ఇరుసు ఎత్తు. పైకి కిందికి తిరిగే ఇరుసు రికార్డు ఉపరితలం కంటే ఎత్తులో ఉంటే, వంకర మీద సూది లేచినప్పుడల్లా కొద్దిగా ముందుకీ వెనక్కీ కూడా జరుగుతుంది. ఆ జరిగినంతా స్వరం హెచ్చుతగ్గులే. ఇరుసుని రికార్డు మట్టానికి దించిన ఆర్మ్‌లో ఈ బాధ తక్కువ. ఎంత వెల పెట్టినా ఇది చూసి కొనేవాళ్లు తక్కువ. వంకర రికార్డులున్న ఇంట్లో ఇదే ముందు చూడాలి.

ఇప్పుడు రేఖాగణితం. రికార్డుని కోసే యంత్రం తలని సరళరేఖ మీద నడుపుతుంది. మన ఆర్మ్ ఒక ఇరుసు చుట్టూ వృత్తచాపం మీద నడుస్తుంది. రెంటికీ పొత్తు కుదరదు. పెర్సీ విల్సన్ 1924లో, స్వీడన్‌కి చెందిన లోఫ్‌గ్రెన్ 1938లో, బేర్వాల్డ్ 1941లో ఈ చిక్కుకి పరిష్కారం వెతికారు. కార్ట్రిడ్జ్‌ని ఇరవై మూడు ఇరవై నాలుగు డిగ్రీలు లోపలికి వంచి, సూదిని రికార్డు నడిబొడ్డు దాటి పదిహేను పద్దెనిమిది మి.మీ. ముందుకి ఉంచితే, రెండు చోట్ల కోణం సరిగ్గా కుదురుతుంది, మిగతా చోట్ల రెండు డిగ్రీల లోపు తప్పు ఉంటుంది. బేర్వాల్డ్ పద్ధతిలో ఆ రెండు చోట్లు 66, 120.9 మి.మీ. ఒకే డిగ్రీ తప్పు అంచున కంటే లోపల ఎక్కువ బాధిస్తుంది. ఎల్పీ మొదట సెకనుకి అర మీటరు గాడి సూది కింద జారితే చివర 21 సెంటీమీటర్లే. అదే పాట సగం చోటులో ఇరుక్కుంటుంది. ఘంటసాల భగవద్గీత ఎల్పీ ఉన్నవాళ్లు పక్క చివరికొచ్చే శ్లోకాల్లో శ, స, ష ల మీద చెవి పెట్టి చూడండి. ఆ ఊష్మాలు ఉమ్మినట్టు చిట్లితే గాయకుడిదో మైకుదో అనుకునే ముందు కోణం చూడాలి, సూది అరుగుదల చూడాలి.

పన్నెండంగుళాల పొడుగు ఆర్మ్ ఈ తప్పుని తగ్గిస్తుంది, అంచు దగ్గర 1.9 డిగ్రీలు 1.4 అవుతుంది. దాని కోసం బరువు పెరుగుతుంది, వంకరల మీద ఆ బరువు లెక్క అడుగుతుంది. మన వంటి ఇళ్లకి పొడుగు ఆర్మ్ నేను చెప్పను.

మనకి ఎల్పీ కంటే పెద్ద విషయం ఈపీ. తెలుగు సినిమా పాట ఇంటింటికీ చేరింది ఏడంగుళాల 45 మీద, పక్కకి రెండేసి పాటలతో. హెచ్ఎంవీ, కొలంబియా, ఏంజెల్ ముద్రలతో. దాని పాట దాదాపు 84 మి.మీ. దగ్గర మొదలై 54 దాకా పోవచ్చు. పైన చెప్పిన కోణాలన్నీ పెద్ద రికార్డు కోసం వేసినవి. తొమ్మిదంగుళాల ఆర్మ్‌ని బేర్వాల్డ్ పద్ధతిలో బిగించి ఈపీ వేసి లెక్క కడితే, మొదట్లో ఒక డిగ్రీ తప్పుతుంది, చివర 54 దగ్గర రెండు డిగ్రీలు. సూది పక్కలకి ఊగే వేగం సెకనుకి పది సెంటీమీటర్లు అనుకుంటే వక్రత, అంటే పాటలో కలిసే కల్తీ, 1.4 శాతం. ఎల్పీ చివర అదే పద్ధతిలో వచ్చేది 0.65. అంటే రెట్టింపు దాటింది. 1966లో స్టీవెన్‌సన్ చెప్పిన పద్ధతిలో లోపలి చోటు 60.3 మి.మీ. అలా బిగిస్తే ఈపీ చివర తప్పు ఒక డిగ్రీకి, వక్రత 0.7కి దిగుతుంది.

దీనిలో ఒక తమాషా ఉంది. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఆర్మ్‌కి కంపెనీ చెప్పే కొలతలు 230 మి.మీ. పొడుగు, 15 మి.మీ. ముందుకి, 22 డిగ్రీల వంపు. ఇది బేర్వాల్డ్ కాదని విమర్శించి దాన్ని తిరిగి బిగించుకునే శ్రోతలు చాలామంది. లెక్క చూస్తే కంపెనీ బిగింపులో కోణం కుదిరే చోట్లు దాదాపు 59, 113. ఈపీ మొత్తం మీద వక్రత అర శాతం దగ్గర నిలుస్తుంది. ఎల్పీ మొదటి పాటకి కాస్త నష్టం, నిజమే. సినిమా ఈపీలు నిండిన పెట్టె ఉన్నవాళ్లు ఆ విమర్శ విని మరలు విప్పకపోవడమే మేలు.

కోణానికి ఇంత పట్టింపు అవసరమా అని అడిగేవాళ్లకి యమహా జీటీ-5000 ఉదాహరణ పనికొస్తుంది. దాని ఆర్మ్ తిన్నని కడ్డీ, తల అసలు వంచలేదు. కోణం తప్పు పది డిగ్రీల చుట్టుపక్కలకి పోతుంది. అయినా దాని ధ్వనిని మెచ్చుకున్నవాళ్లున్నారు. ఆర్మ్‌ని లోపలికి లాగే బలం వంపు వల్లే నికరంగా నిలుస్తుందని, ఆ పీడ తీసేస్తే కోణం తప్పుని చెవి క్షమిస్తుందని వాళ్ల వాదన. అరిగిన సూదికీ బిగ్గరగా కోసిన లోపలి గాడికీ చెవి అంత దయ చూపదని నా అభిప్రాయం.

ఆ లాగే బలం ఇదీ. గాడి సూదిని రాపిడితో ముందుకి ఈడుస్తుంది. తల వంచి ఉంది కాబట్టి ఆ ఈడుపులో కొంత లోపలికి తిరుగుతుంది. మోపిన బరువులో పదో వంతు చుట్టూ ఉంటుంది. లోపలి గోడ మీద ఒత్తిడి పెరిగి, బయటి గోడలో ఉన్న కుడి చానల్ ముందు చిట్లుతుంది. దారానికి వేలాడే చిన్న గుండుతోనో, స్ప్రింగుతోనో, అయస్కాంతంతోనో దీన్ని బయటికి లాగుతారు. పాట బిగ్గరైతే రాపిడి మారుతుంది, సూది ఆకారాన్ని బట్టి మారుతుంది, కాబట్టి ఏ బిగింపూ అన్ని క్షణాల్లో సరి కాదు. గాడిలేని నున్నని పలక మీద సూది నిలిచేలా బిగించమనే సలహా వినవద్దు, అక్కడి రాపిడి వేరు. బిగ్గరైన పాటలో కుడి ఎడమలు సమానంగా నిలిచే దగ్గర వదిలేయాలి.

ఇరుసే తీసేసి ఆర్మ్‌ని సరళరేఖ మీద నడిపితే ఈ గొడవలేవీ ఉండవు కదా. 1972లో బ్యాంగ్ అండ్ ఓలుఫ్‌సెన్ బియోగ్రామ్ 4000 అదే చేసింది. టెక్నిక్స్ ఎస్‌ఎల్-10 ఎల్పీ అట్టంత పెట్టెలో చేసి చూపించింది. గ్యారర్డ్ 1971లోనే జీరో 100తో ఇరుసు ఉంచుకుని తలని తిప్పుతూ కోణం నిలిపే ప్రయత్నం చేసింది, అదనపు కీళ్లు ఆ లాభాన్ని మింగాయి. గాలి మీద తేలే ఆర్మ్‌లు అడ్డంగా బరువు, నిలువుగా తేలిక. పైగా పంపు కావాలి, గాలి శుభ్రంగా ఉండాలి. నల్లరేగడి దుమ్ము లేచే, కరెంటు పోయే ఊళ్లో అంత సున్నితం నిలవదు.

ఇక లోహాల చర్చ. రేగా సంస్థ 1983లో ఆర్‌బీ300తో గొట్టం, తల ఒకే పోతలో అల్యూమినియంతో పోసింది. తర్వాత ఎస్ఎంఈ ఫైవ్ మెగ్నీషియంతో అదే చేసింది. అతుకు తగ్గితే గొట్టం తన సొంత గొంతుతో మోగడం తగ్గుతుంది, దాన్ని కొలవొచ్చు. కార్బన్ గొట్టం, చెక్క గొట్టం, బంగారు తీగ అంటూ ఆ తర్వాత పెరిగిన ధరలకి తగ్గ తేడా నేను నమ్మను. మెగ్నీషియం ఆర్మ్‌కి రెండు డిగ్రీలు తప్పుగా బిగించిన కార్ట్రిడ్జ్ కంటే, మామూలు ఆర్మ్‌కి సరిగ్గా బిగించినదే బాగా పాడుతుంది. ఎస్ ఆకారపు ఆర్మ్‌లో కూడా మహిమ ఏమీ లేదు, ఊడదీసే తలని తిన్నగా తిప్పి పెట్టడానికి వీలుగా గొట్టాన్ని వంచారు, అంతే. శుద్ధవాదులు ఊడదీసే తలని ఈసడిస్తారు. 78లు, ఎల్పీలు కలిసిన పెట్టెకి అదే వరం. 78కి సూది మొన 65, 75 మైక్రాన్లుండాలి, ఎల్పీకి పాతిక లోపు. రెండు తలలు సిద్ధంగా ఉంచుకుని మార్చుకోవచ్చు. మారిన ప్రతిసారీ వెనక దిమ్మని మళ్లీ తూచాలి.

ఆర్మ్ ఎత్తు గురించి ఒక మాట. తొమ్మిదంగుళాల ఆర్మ్‌లో వెనక భాగం నాలుగు మి.మీ. లేస్తే సూది కోణం మారేది ఒక్క డిగ్రీ. కాగితం మందం తేడాకి స్వరం మారిందనేవాళ్లతో వాదించక్కర్లేదు. ఆర్మ్ రికార్డుకి సమాంతరంగా ఉంటే చాలు.

హెచ్ఎంవీ ఫియస్టా వంటి పెట్టె ప్లేయర్‌ని మళ్లీ పాడించాలనుకునేవాళ్లకి: వెనక స్ప్రింగు ఎంత బరువు మోపుతోందో ముందు చిన్న తూకం మీద చూడండి. ఆరు గ్రాములు దాటితే స్ప్రింగు సరిచేయాలి. ఇరుసుని వేలితో కదిపి చూడండి, పాత గ్రీజు గట్టిపడి ఉంటే కిరోసిన్‌తో కడిగి చుక్క పలుచని నూనె వేయాలి. పాత క్రిస్టల్ కార్ట్రిడ్జ్ అయితే దాని మీద ఆశ వదులుకోవచ్చు. దాని గుండె రోషెల్ ఉప్పు పలుకు, 55 డిగ్రీల వేడికి పాడవుతుంది, వానాకాలం తేమకి కరుగుతుంది. రేకుల కింద అటక మీద ఇన్ని వేసవులు దాటి అది బతికి ఉండదు. దాని చోట సిరామిక్ ఒకటి బిగిస్తే ఆ ఆర్మ్ పనికొస్తుంది. మంచి అయస్కాంతపు కార్ట్రిడ్జ్ మాత్రం దానికి కట్టవద్దు. రెండు గ్రాముల దగ్గర నడవగల బేరింగులు ఆ ఆర్మ్‌లో లేవు.